కారు కట్టిన పిన్ని

పోయిన వారం మా పాత కాలనీ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. చుట్టూ గులాబీల చట్రం, కింద హిందీలో శ్రద్ధాంజలి. నూనె రాసి దువ్విన తల, భుజం మీద పిన్ను పెట్టిన చీర, ఎవరో కదలొద్దన్నాక బిగుసుకున్న మొహం. కంపెనీ గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటో అయి ఉంటుంది. మా ఆయనకు చూపిస్తే, "ఎవరీమె?" అన్నాడు.

తప్పు ఆయనది కాదు. ఇనుప గనుల ఊరు బచేలీలో అన్నేళ్ళు పక్కపక్క క్వార్టర్లలో ఉన్నాం గానీ, పిన్ని నుదురు ఖాళీగా ఉండగా మేమెప్పుడూ చూడలేదు. అక్కడ ఎప్పుడూ నల్ల కళ్ళద్దాలు పైకి తోసి ఉండేవి. కుడి కనుబొమ్మ సగమే ఉండేది. మిగతా సగాన్ని ఒక నిప్పురవ్వ అప్పు తీసుకుని ఎగ్గొట్టిందనేది. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా, ఆ చొక్కా నిండా చిన్న చిన్న కాలిన చిల్లులు. గులాబీల మధ్య ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసినావిడ గురించి రాస్తాను.

ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు. మీదే ఊరు పిన్నీ అని అడిగితే, "జీడిపప్పు పండే వైపు" అని ఊరుకునేది. భర్త పోయాక కంపెనీ వర్క్‌షాపులో ఉద్యోగం ఇచ్చారు. మొదట్లో మంచినీళ్ళు అందించే పని. వెల్డింగ్ చేసే చోటికి నీళ్ళు పట్టుకెళ్ళి, అక్కడే నిలబడి చూస్తూ చూస్తూ, ఒకరోజు వెల్డింగ్ హోల్డరు అడిగి పుచ్చుకుందట. మళ్ళీ నీళ్ళకుండ జోలికి పోలేదు.

ఆవిడకో అలవాటుండేది. దేన్ని చూసినా వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి వినేది. మా బియ్యం డబ్బా, ఫ్రిజ్ తలుపు, మా ఆయన స్కూటరు, కాలనీ గుడి హుండీ, ఏదైనా సరే. "పల్చన" అనో, "మందమే" అనో తీర్పు చెప్పేది. మనుషుల్ని కూడా అలాగే చూసేది. "మీ ఆయన మందం మనిషే. వంగడు. కానీ పగలడు కూడా" అంది ఒకసారి. మా ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

వంట మాత్రం రాదు. మంట కనిపిస్తే పెంచడమే తెలుసు ఆవిడకు. ఉప్మా మాడితే, "అడుగు అతుక్కుపోయింది సూడు, మంచి వెల్డింగు" అని నవ్వేది. మాడని భాగం నాకు పెట్టి, అడుగుది తను గోకి తినేది.

నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం ఒక రేకు ముక్క పట్టుకుని వచ్చి, గుమ్మంలో చతికిలబడింది.

"ఒలే అమ్మీ, గుడ్డేమో బల్లపరుపుగా ఉంటాది. నువ్వేమో దాన్ని గుండ్రం సేత్తన్నావు. ఎలగే?"

"టక్కులు వేస్తాం కదా పిన్నీ."

"అదే ఎలగ? సూపించు."

కాగితం మీద జాకెట్టు ముక్క గీసి, టక్కు దగ్గర మడిచి చూపించాను. అంచు దగ్గర పొడవు తగ్గిస్తే, మధ్యలో ఉన్నది పోవడానికి చోటు లేక పైకి ఉబుకుతుంది. అంతే కదా! ఆవిడ ఆ కాగితాన్ని విప్పింది, మడిచింది, మళ్ళీ విప్పింది. టీ చల్లారిపోయింది. కాగితం పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక అల్యూమినియం రేకు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సొరకాయ బుర్రను సగానికి కోసినట్టు నున్నగా ఉబికి ఉంది.

"అంచంతా నీలాగే కుచ్చిళ్ళు పెట్టేను. పెట్టి, కొయ్యసుత్తితో అణిసేసేను. నీ టక్కు గుడ్డ ఎనకాల దాగుంటాది. నాది రేకులో కలిసిపోయింది. ఏలు పెట్టి సూడు, ఎక్కడుందో సెప్పు."

వేలు పెట్టి చూశాను. ఎక్కడా దొరకలేదు. ఆవిడ మొహం చూస్తే, కొత్త పట్టుచీర నలుగురికీ చూపించినంత వెలుగు.

"ఇంతకీ ఇదేంటి పిన్నీ?"

"కారు."

"ఏ కారు?"

"నా కారు."

ఆవిడకు ఫోన్‌లో ఒక వీడియో దొరికింది. ఎప్పటిదో ఇటలీ కారు. ఇద్దరు కూర్చునేది, పైకప్పు లేనిది, పందేల్లో పరిగెత్తేది. ఎవరో తెల్లాయన ఇంట్లో కూర్చుని దానికి నకలు చేసుకున్నాడు. ఆయనకు ఉన్నదేమిటి, మనకు లేనిదేమిటి అనుకుంది పిన్ని. దంతెవాడలో పాత ఇనుము అమ్మే కబాడీ వాడి దగ్గర పాత కారొకటి, కాగితాలతో సహా కొంది. దాని పైనున్నదంతా కోసేసి చక్రాలూ, ఇంజనూ, కింది చట్రమూ మిగిల్చింది. పెరట్లో రేకుల షెడ్డు వేసింది. సన్న ఇనుప కమ్మీలు వంచి కారు ఆకారంలో ఒక అస్థిపంజరం కట్టింది.

కాలనీలో మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఎదురింటి పంజాబీ ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, "కోళ్ళ గూడా?" అని హిందీలో అడిగింది.

"అవును. ఇటలీ కోళ్ళు వస్తన్నాయి" అంది పిన్ని, హిందీలోనే.

ఎందుకు చేస్తున్నావని అడిగినవాళ్ళకు రోజుకో జవాబు చెప్పేది. పెన్షన్ పాసుబుక్కు తెచ్చుకోవడానికి, బీపీ తగ్గడానికి, డాక్టరు చెప్పాడు, కలలో అమ్మవారు చెప్పింది. నాకు మాత్రం ఒక సాయంత్రం నిజం చెప్పిందనుకుంటాను. ఆరేసిన బట్టలు తీస్తున్నాను. గనుల దుమ్ము పడి ఎప్పటిలాగే తెల్లవన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఉజ్జోగమంతా తిన్నని గీతలేనే" అంది. "డంపరు తొట్టి తిన్నన. కన్వేయరు చట్రం తిన్నన. పలక మీద పలక అతికించడమే. సేత్తో ఒక్క వంపు సెయ్యనేదు. గుండ్రం సెయ్యాలని ఉంది."

అప్పటి నుంచి నేనూ అందులో పడ్డాను. అస్థిపంజరం మీద గోధుమరంగు కాగితం పరిచి, పిన్నులు పెట్టి, టక్కులు మడిచి కత్తిరించేదాన్ని. ఆ కాగితం ప్రకారం ఆవిడ రేకు కోసేది. ఇసక నింపిన తోలు సంచి మీద రేకును పెట్టి కొయ్యసుత్తితో కొట్టేది. పాత బేరింగుల ఉక్కు చక్రాలు రెండు ఒకదాని మీద ఒకటి బిగించి సొంతంగా ఒక యంత్రం చేసుకుంది. ఆ రెంటి మధ్య రేకును ముందుకూ వెనక్కూ నడిపితే సుత్తి గుంటలన్నీ సాపవుతాయి. చపాతీ కర్రలాంటిదే అనేది.

అల్యూమినియం కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది. మళ్ళీ మెత్తబడాలంటే వేడి చెయ్యాలి. కానీ అది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి చిల్లు పడి కారిపోతుంది. అందుకని పిన్ని రేకు మీద బట్టల సబ్బు రుద్ది అడుగు నుంచి మంట చూపించేది. సబ్బు గోధుమరంగుకు తిరిగితే చాలు, మంట ఆపెయ్యాలి. ఆదివారం వీధంతా మాడిన సబ్బు వాసన వేస్తే పిన్ని పనిలో ఉందని అర్థం. ఒక్క ముక్క పాడైతే మళ్ళీ మొదటి నుంచి. బానెట్ ఎన్నిసార్లు చేసిందో! ఎప్పుడూ విసుక్కోలేదు.

"రేకుని తిట్టకూడదమ్మీ. తిడితే మన సెయ్యి బిగుసుకుంటాది. సెయ్యి బిగిత్తే రేకూ బిగుసుకుంటాది."

పెట్రోలు మూత దగ్గర మాత్రం ఇంకొకరి చెయ్యి పడింది. ఆ గుండ్రటి మూత బజార్లో దొరకదు. కొండగావ్ వైపు నుంచి గఢవా కులం పెద్దాయన ఒకాయన కంచు బొమ్మలు అమ్మడానికి మా సంతకొచ్చేవాడు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట కంచు పోసే పని వాళ్ళది. పిన్ని కొలతలిచ్చి మూత చెయ్యమంది. తరవాతి సంతకు తెచ్చాడు. కొలత సరిగ్గా సరిపోయింది. కానీ మూత మీద, పట్టుకుని తిప్పడానికి వీలుగా, ఒక తాబేలు కూర్చుని ఉంది.

"తాబేలెందుకు దాదా? ఇది పందేల కారు!" అంది పిన్ని హల్బీ, హిందీ కలిపి.

"మూత ఖాళీగా ఉంటే చెయ్యి జారిపోతుంది. పైగా నా చెయ్యి ఊరుకోలేదు" అన్నాడాయన.

పిన్ని ఒక క్షణం చూసి, పడీపడీ నవ్వింది. "బాగుంది. ఇది తయారవుతున్న స్పీడుకి తాబేలే సరి."

ఇద్దరూ ఆ తరవాత ఒకరి పని ఒకరు తప్పుపట్టుకుంటూ గంటల తరబడి కూర్చునేవారు. ఆయన తన మైనం ఆవిడకిచ్చాడు. ఆవిడ తన సుత్తి ఒకటి ఆయనకిచ్చింది.

కారు పూర్తయ్యేసరికి పిన్ని రిటైరైంది. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి, పాత కాగితాల మీద మార్పులు రాయించుకోవడం ఇంకో పెద్ద కథ. చూపించడానికి తీసుకెళ్ళిన రోజున బజారు మెకానిక్కే కారు తోలాడు. పిన్ని వెనక బస్సులో వెళ్ళింది. కూతుర్ని మొదటిసారి బడికి పంపిన తల్లిలా కంగారు పడుతోందిలే అనుకున్నాం.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. క్వార్టర్లు చూసుకునే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మంచివాడే, కుర్ర ఆఫీసరు. షెడ్డు చూసి తల గోక్కున్నాడు.

"మేడం, ఈ షెడ్డు తీసెయ్యాలి. సోమవారం మనుషులొస్తారు. అప్పటికీ లోపల ఏమైనా ఉంటే, క్రేన్‌తో లేపి స్క్రాప్ యార్డులో పెట్టేస్తారు" అన్నాడు హిందీలో.

క్రేన్ అన్నమాట వినగానే పిన్ని చెయ్యి బానెట్ మీదికి వెళ్ళింది. ఆ రేకు మందం ఎంతో ఆవిడకు తెలుసు. ఒక గొలుసు బిగిస్తే చాలు, అంతా అప్పడం.

దంతెవాడ దాటాక గీదంలో, రోడ్డు పక్కన ఒక షెడ్డు అప్పటికే చూసుకుంది, వెల్డింగ్ కొట్టు పెట్టాలని. మా ఆయన ఒక లారీ మాట్లాడతానన్నాడు.

"వద్దు" అంది పిన్ని. "లారీ ఎక్కితే అది సామాను. రోడ్డు మీద ఎల్తేనే బండి."

ఆదివారం ఉదయం కాలనీ అంతా చేరింది. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీలు. పంజాబీ ఆవిడ లడ్డూలు పంచింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారుకు రంగు వెయ్యలేదు, మెరుస్తూ వెండి గిన్నెలా ఉంది. రంగెప్పుడు పిన్నీ అంటే, "బయట పెట్టు, బైలాడిల్లా కొండ దుమ్మే ఏత్తాది" అంది.

పిన్ని కొత్త చీర కట్టుకుంది, మీద మళ్ళీ అదే ఖాకీ చొక్కా. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"పద. నువ్వే తోలు."

"నేనా? మీరు తోలరా?"

"నాకు డ్రైవింగ్ ఎక్కడొచ్చే?"

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వీధి వీధంతా నవ్వింది. ఇన్నేళ్ళు కారు కట్టిన మనిషికి కారు తోలడం రాదని ఒక్కళ్ళకూ తోచలేదు.

"మరి ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"ఎవరడిగేరు? మంగళసూత్రం సేసిన కంసాలి మెళ్ళో ఏసుకుంటాడేటే?"

మెకానిక్ ఆ రోజు చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు. కొండంత డంపరు తోలే మా ఆయన, "జరుగు, నేను తోల్తా" అని ముందుకొచ్చాడు. ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టలేకపోయాడు. నడుము దగ్గర ఇరుక్కుని ముందుకీ వెనక్కీ కాకుండా నిలబడ్డాడు.

"ఏంది పిన్నీ ఇది, కారా, బూటా? గింత సన్నం చేసినవేంది?"

"నీ కొలతలు తీసుకోనేదు బావూ."

ఇద్దరు పట్టుకుని లాగితే బయటపడ్డాడు. ఇక నేనే. మాది కుంట అనే ఊరు. పుట్టింటివాళ్ళది కిరాణా కొట్టు. పెళ్ళికి ముందు అన్నయ్యకు ఒంట్లో బాగోలేనప్పుడు మరైగూడ, గొల్లపల్లి సంతలకు సరుకు బండి నేనే తోలేదాన్ని. ఎప్పుడో మాటల్లో నేను చెప్పింది పిన్ని గుర్తు పెట్టుకుంది.

సీట్లో కూర్చుంటే రోడ్డు నా నడుము ఎత్తున ఉంది. ఇంజను అందుకోగానే కాళ్ళ కింద పులి గుర్రుమన్నట్టయింది. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. పక్కన పిన్ని కళ్ళు మూసుకుంది.

"భయమా పిన్నీ?"

"కాదే. వింటన్నాను. మాటాడకు."

కాలనీ గేటు దాటాం. పిన్ని అలా కళ్ళు మూసుకునే, "కుడేపు తలుపు సణుగుతంది" అనేది. కాసేపాగి, "ఇప్పుడు బాగుంది" అనేది. సాల చెట్ల మధ్య రోడ్డు తిన్నగా సాగింది. సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ఒక కాలు దింపి నిలబడి చూశారు. ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్ళు బుట్టలు దింపి చేతులూపారు. నాకు భయం పోయి, ఎప్పుడో వదిలేసిన పాట నోట్లోకి వచ్చింది.

అప్పుడు ఒక పల్లపు మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. రోడ్డంతా మేకలే. బ్రేకు తొక్కాను. కారు ముక్కు వంచి, చివరి మేక తోకకు జానెడు దూరంలో ఆగింది. మేకలు మమ్మల్ని ఒకసారి చూసి, తీరిగ్గా దాటాయి.

పిన్ని కళ్ళు తెరిచింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి తడిగా ఉంది.

"ఆ పెడలు, దాన్ని పట్టుకునే దిమ్మ, నా సేత్తో సేసినవే" అంది నెమ్మదిగా. "వంపులు కాదే, ఆ ఒక్కటే నాకు నిద్దర పట్టనీలేదు. బ్రేకు పట్టకపోతే నిన్ను సంపేసీదాన్ని."

"పట్టింది కదా పిన్నీ."

"పట్టింది" అంది. కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దింపుకుంది. ఎండ పెద్దగా లేదు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

దంతెవాడ ముందర చెక్‌పోస్టులో ఆపారు. జవాను ఒకడు కారు చుట్టూ తిరిగి, పొడుగాటి కర్రకు కట్టిన అద్దం కింద పెట్టి చూశాడు. బాంబులున్నాయేమోనని అందరి బండ్లకూ చేసేదే. మామూలుగా జనం ఆ కాసేపు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. పిన్ని మాత్రం తలుపు మీంచి వంగి అడిగింది.

"నీచే వెల్డింగ్ కైసా హై, బేటా?"

జవాను తెల్లబోయాడు. కింద వెల్డింగ్ ఎలా ఉందని ఆ చెక్‌పోస్టులో ఎవరూ అడిగి ఉండరు. మళ్ళీ అద్దం పెట్టి, ఈసారి నిదానంగా, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"బఢియా హై, అమ్మా" అన్నాడు, చాలా బాగుందన్నట్టు తలూపి.

పిన్ని నిటారుగా కూర్చుంది. "ఒక్కడైనా కింద సూసేడు" అంది. గీదం దాకా ఆ ఆనందంలోనే ఉంది.

కొత్త షెడ్డులో కారు ఆపి దిగాం. పిన్ని చుట్టూ తిరిగి, ప్రతి రేకునూ వేలి కణుపుతో కొట్టి వింది. చివరిదీ అయిపోయింది. అప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

తరవాత మేమూ బచేలీ వదిలి జగదల్‌పూర్ వచ్చేశాం. వీలైనప్పుడల్లా బస్సెక్కి గీదం వెళ్ళేదాన్ని. కొట్టు బాగానే నడిచేది. గేట్లు, కిటికీ చువ్వలు, ట్రాక్టర్ తొట్లు. మళ్ళీ అన్నీ తిన్నని గీతలే. కారు మూల నిలబడి ఉండేది. దాన్ని తుడిచేది గానీ, మునుపటి మాటల్లేవు. టీ పెడితే మాడేది కాదు. నాకు దానికే ఎక్కువ దిగులేసింది.

"డ్రైవింగ్ నేర్చుకోండి పిన్నీ" అన్నాను ఒకసారి.

"ఈ వయసులోనా?" అంది. కానీ నేర్చుకుంది. రోడ్డవతల డ్రైవింగ్ స్కూలు కుర్రాడి చేత నెలల తరబడి దండం పెట్టించుకుని నేర్చుకుంది.

ఆ తరవాత కొన్నాళ్ళకు ఫోన్ చేసింది.

"ఒలే అమ్మీ, గుద్దేసేనే! కరెంటు స్తంభాన్ని! ముందు మడ్‌గార్డు నుజ్జు నుజ్జు!"

"అయ్యో! దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేటి తగుల్తాది? మడ్‌గార్డే పోయింది."

నేను గాభరాగా మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. దారంతా ఎలా ఓదార్చాలా అని ఆలోచించాను. ఎన్నాళ్ళ కష్టం! ఒక్కొక్క వంపుకు ఎన్ని ఆదివారాలు!

షెడ్డు ఇంకా కనపడకముందే మాడిన సబ్బు వాసన వచ్చింది.

లోపల పిన్ని ఇసక సంచి ముందు పీట వేసుకుని కూర్చుంది. జుట్టు చెదిరి ఉంది. సగం ఉన్న కనుబొమ్మ మీద చెమట. నన్ను చూడగానే, "వచ్చేవా? టీ తాగుతావా?" అని టీ గిన్నె పెద్ద మంట మీద పెట్టి, మరిచిపోయి మళ్ళీ రేకు అందుకుంది. పాడైన ఎడమ మడ్‌గార్డు విప్పి గోడకు ఆనించి ఉంది. నేను దాని సొట్టలు వేళ్ళతో తడిమి చూశాను. ఆవిడ మాత్రం దానివైపు చూడనే లేదు.

"పోయినదాని కన్నా ఇది బాగా వస్తాది సూడు" అంది. "ముందు సేసినదాంట్లో ఇక్కడ వంపు కాస్త పిరికిగా తీసేను. అప్పుడు తెలీలేదు."

నాకు ఓదార్చే పని లేకుండా పోయింది. స్టవ్వు కట్టేసి, మాడిన టీ రెండు గ్లాసుల్లో పోసి, పక్కన కూర్చున్నాను. ఆవిడ కొడుతోంది, తిప్పుతోంది, అరచెయ్యి ఆనించి చూస్తోంది, మళ్ళీ కొడుతోంది. మధ్యమధ్య ఏదో జీడిపప్పు వైపు పాట. బచేలీ పెరట్లో చూసిన మనిషి మళ్ళీ కనిపించింది. నాకు అనుమానం వచ్చింది.

"పిన్నీ, నిజం చెప్పండి. కావాలనే గుద్దారా?"

కొయ్యసుత్తి ఆగింది. కళ్ళద్దాలు పైకి తోసి నావైపు చూసింది. ఆ చూపులో దొరికిపోయిన పిల్ల దొంగ ఒకతి నవ్వుతోంది.

"ఎడందైతే పొరపాటే" అంది.

నేను లేచి కారు అటువైపు వెళ్ళి చూశాను. మిగతా ఒళ్ళంతా ఎర్రదుమ్ము పట్టి మసకబారి ఉంది. కుడివైపు మడ్‌గార్డు మాత్రం తళతళలాడుతోంది. కొత్తది.